నిద్దరిల్లు

వేకువ ఎయిర్ కార్గో రొయ్యపిల్లల వల్ల పుట్టింది.

పద్మనాభం కోస్తా హేచరీల నుంచి రొయ్యపిల్లల్ని లారీల్లో లోపలి జిల్లాల చెరువులకు తోలేవాడు. ఒక మే నెలలో ఎండకు తట్టుకోలేక నాలుగు లారీల సరుకు దారిలోనే చచ్చింది. ఆక్సిజన్ పట్టిన సంచుల్లో పిల్లలన్నీ అడుక్కి దిగి తెల్లటి పిండిలా పేరుకుపోయాయి. చెరువుగట్టు మీద రైతులెవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఒక పెద్దాయన మాత్రం సంచి విప్పి, ఆ నీళ్లు ఆయన కాళ్ల మీద పోసి, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ సాయంత్రమే పద్మనాభం తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు సుదర్శనం వైమానిక దళంలో సరుకు విమానాలు నడిపి అప్పుడే బయటికొచ్చాడు. అన్న అడిగింది ఒకటే. రాత్రి చల్లగా ఉంటుంది కదా, తెల్లారేలోగా చేర్చగలవా అని.

ఎనిమిది నెలల్లో పంకాలున్న పాత విమానాలు మూడు అద్దెకు తెచ్చారు. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్లు వేసి వదిలేసిన రన్‌వే ఒకటి రాళ్లమిట్ట దగ్గర సర్కారు తుమ్మల మధ్య పడి ఉంటే, దాన్ని బాగు చేయించారు. పద్ధతి చాలా తేలిక. విశాఖలో ఎక్కిన పెట్టె పుణె పోవాలన్నా, మదురై మల్లెలు నాగపూర్ చేరాలన్నా, అన్నీ ముందు రాళ్లమిట్టకే రావాలి. రాత్రి పన్నెండింటికల్లా విమానాలన్నీ దిగుతాయి. రెండు గంటల్లో సరుకు దించి, ఊళ్లవారీగా వేరుచేసి, మళ్లీ ఎక్కిస్తారు. రెండున్నరకు విమానాలన్నీ లేస్తాయి. ఏ ఒక్కటి ఇరవై నిమిషాలు ఆలస్యంగా దిగినా మిగతావన్నీ దానికోసం కాచుకోవాల్సిందే. మల్లెలు వాడతాయి, రొయ్యపిల్లలు చచ్చిపోతాయి, ఎక్కడో ఆసుపత్రిలో రక్తపు సీసా కోసం ఎవరో ఎదురుచూస్తుంటారు.

సుదర్శనం భార్య రత్నమాల జీవరసాయనం చదివింది. రన్‌వే పక్కన రేకుల షెడ్డులో ఆవిడకొక చిన్న ల్యాబ్ ఉండేది. రొయ్యపిల్లలకు తెల్లమచ్చ తెగులు ఉందా లేదా చూసి, సరుకు మీద ముద్ర వేయడం ఆవిడ పని. అంతకుమించి విమానాలతో ఆవిడకు సంబంధం లేదు.

మూడో ఏడు, నాగపూర్ వెళ్లాల్సిన విమానం మలుపు తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా వెళ్లి కొండను కొట్టుకుంది. కెప్టెన్ దేవసహాయం, ఆయన పక్కనున్న పైలట్ ఇద్దరూ పోయారు. యంత్రంలో లోపం లేదు, వాన లేదు. కాక్‌పిట్ మాటలు రికార్డు చేసే పెట్టెను విప్పి వినిపించినప్పుడు కంపెనీ తరఫున సుదర్శనం కూర్చున్నాడు. చివరి పదకొండు నిమిషాలు మాటల్లేవు. రెండు గురకలు మాత్రం వినిపించాయి.

ఇంటికొచ్చి ఆయన అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. పగలు నిద్ర పట్టదని, కిటికీలకు దుప్పట్లు కట్టినా వేడికి ఒళ్లు మండుతుందని, పైలట్లందరిదీ అదే స్థితి అని చెప్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"నేనూ నిద్రపోయాను రత్నా. గాల్లో. రెండుసార్లు. ఎవరికీ చెప్పలేదు."

రత్నమాల ఆ మర్నాటి నుంచి పైలట్ల రక్తం తీయడం మొదలుపెట్టింది. ఎక్కే ముందు ఒక చుక్క, దిగాక ఒక చుక్క. దిగినవాళ్ల రక్తంలో ఏదో ఎక్కువ ఉండేది, పడుకుని లేచాక ఉండేది కాదు. ఏడాదిన్నర అదేమిటో పట్టుకోవడానికే సరిపోయింది. దాన్ని వడకట్టే యంత్రం చేయడానికి ఇంకో ఏడాది పట్టింది. కిడ్నీలు చెడినవాళ్లకు రక్తం శుద్ధిచేసే యంత్రాన్ని తెచ్చి, లోపలి జల్లెడ మార్చింది. మొదట కూర్చుంది సుదర్శనమే. రెండు రోజులు కన్ను మూయని మనిషి, నలభై నిమిషాలు కుర్చీలో కూర్చుని లేచి, ముఖం కడుక్కున్నవాడిలా చుట్టూ చూశాడు. ఆకలేస్తోందన్నాడు. తనకు పాతికేళ్ల వయసులో ఇలా ఉండేదన్నాడు. కింద సీసాలో గోధుమరంగు ద్రవం అరలీటరు మిగిలింది. రత్నమాల దాన్ని తూములో పారబోసింది.

అయిదో రోజుకు ఆయనకు జ్వరం వచ్చింది. చేతులు వణికాయి. భార్య పేరు గుర్తు రాక ఒక పూటంతా "ఏమే" అని పిలిచి గడిపాడు. అప్పుడు అర్థమైంది ఆవిడకు. మనిషి నిద్రపోయేది ఆ మడ్డిని వదిలించుకోవడానికి కాదు. నిద్రలో ఒళ్లు దాన్ని మరిగించి మరొకటిగా మారుస్తుంది. ఆ మారినది రక్తంలోకి తిరిగి రాకపోతే మెదడు ఎండిపోతుంది. కాబట్టి మడ్డిని పారబోయకూడదు. ఎవరో ఒకరు దాన్ని ఒంట్లోకి ఎక్కించుకుని నిద్రపోవాలి. వాళ్ల రక్తంలోంచి తేట తీసి, అలసిన మనిషికి తిరిగి ఇవ్వాలి. మడ్డి, తేట అన్న మాటలు ల్యాబ్‌లో కుర్రాళ్లు పెట్టినవి. తర్వాత కంపెనీ కాగితాల్లోకీ అవే ఎక్కాయి.

ఆ నిద్ర తానే పోదామనుకుంది రత్నమాల. రక్తం కుదరలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచి మూడు రోజులు మంచం పట్టింది. రాళ్లమిట్టలో పనిచేసే నూటపదిమంది రక్తమూ చూస్తే సుదర్శనంతో కుదిరింది ఒక్కరికే. ఆమె పేరు వెంగమ్మ. కదిలే బెల్టు ముందు నిలబడి పెట్టెల మీద ఊరి పేరు చదివి పక్కకు నెట్టే పని ఆమెది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. భర్త మాల్యాద్రి అక్కడే సరుకు ఎక్కించే కూలీ. ఒక కూతురు, ప్రసూన, రెండో తరగతి.

రత్నమాల వాళ్లింటికే వెళ్లి విషయమంతా చెప్పింది. దాచలేదు. రోజుకు ఆరుగంటలు ఎక్కువ నిద్రపోవాల్సి వస్తుందని, ఇంతవరకు తెలిసినంతలో ప్రమాదం లేదని, ఇష్టం లేకపోతే మానేయవచ్చని చెప్పింది. వెంగమ్మ అంతా విని నవ్వింది.

"పడుకుంటే కూడా జీతమిత్తారా అమ్మా? మా అత్త బతికుంటే యినాల్సింది. కూసుంటేనే సోమరిదన్నది నన్ను."

మాల్యాద్రి మాత్రం నవ్వలేదు. ఎన్నాళ్లు అని అడిగాడు. ఇంకొకరు దొరికేదాకా అంది రత్నమాల. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నిజమే అనుకుంది.

*

ఆ తర్వాత వేకువ ఆగలేదు.

నిద్ర అక్కర్లేని పైలట్లున్న కంపెనీతో ఎవరు పోటీ పడగలరు? ప్రతి పైలట్‌కూ రక్తం కుదిరిన మనిషిని వెతికి పెట్టారు. ఆ ఇద్దరినీ జత అనేవారు. నాలుగేళ్లలో విమానాలు పదిహేడయ్యాయి, తర్వాత నలభై రెండు. పంకాలవి పోయి జెట్లు వచ్చాయి. రొయ్యపిల్లలతోపాటు టీకాలు, ఫ్యాక్టరీల విడిభాగాలు, పరీక్ష పేపర్లు, కోసిన గులాబీలు, శవపరీక్ష నమూనాలు అన్నీ రాళ్లమిట్ట మీదుగా పోసాగాయి. జతలు దూరపు ఊళ్లలోనూ దొరకడంతో మడ్డి సీసాలే సరుకయ్యాయి. రాత్రి పుణెలో పైలట్ ఒంట్లోంచి తీసిన అలసట తెల్లారేసరికి ఐసుపెట్టెలో శ్రీకాకుళం చేరేది. సాయంత్రానికి తేట వెనక్కి వచ్చేది. ఆ పెట్టెలకు నీలం చీటీ ఉండేది. రొయ్యపిల్లలకంటే ముందు వాటిని దించాలని నియమం.

రన్‌వేకి అవతల, మోతలు వినపడనంత దూరంలో, కంపెనీ ఒక రెండంతస్తుల భవనం కట్టింది. గేటు మీద విశ్రాంతి నిలయం అని రాసి ఉండేది. ఊళ్లోవాళ్లు నిద్దరిల్లు అనేవారు. అందులో అరవై మంచాలు. కిటికీలకు నల్లటి గాజు. పగలంతా అరవై మంది ఊపిరి తప్ప శబ్దం ఉండేది కాదు.

సుదర్శనం రాళ్లమిట్టకు పెద్ద పైలట్. యాభై దగ్గరపడుతున్నా ముఖం మీద ముడత లేదు. నిద్ర లేని మనిషికి ఒక డ్యూటీ ఎందుకని, రాత్రి ఒకటి, పగలు ఒకటి తీసుకునేవాడు. కొత్తవాళ్లకు నేర్పేవాడు, పుస్తకాలు చదివేవాడు, టెన్నిస్ మొదలుపెట్టాడు. రోజుకు రెండు సీసాలు దిగేవి ఆయన ఒంట్లోంచి. రెండూ వెంగమ్మకే వెళ్లేవి. ఇంకో జత దొరకలేదు. కొన్నాళ్లకు వెతకడం మానేశారు.

వెంగమ్మ మధ్యాహ్నం మూడింటికి లేచేది. ఇంటికొచ్చి స్నానం చేసి, బడి నుంచి వచ్చే కూతురికోసం గుమ్మంలో కూర్చునేది. ఏడింటికి మళ్లీ కళ్లు మూతలు పడేవి. ప్రసూన జడ వేయించుకోవడానికి కూర్చుంటే రెండో పాయ దగ్గరే అమ్మ చేతులు ఆగిపోయేవి. పిల్ల కదలకుండా అలాగే కూర్చునేది, అమ్మ తల తన భుజం మీద వాలేదాకా. వంట మాల్యాద్రి నేర్చుకున్నాడు. ఎప్పుడూ ఉప్పు ఎక్కువేసేవాడు. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి లేపితే వెంగమ్మ లేవలేదు. తెల్లారి తెలిసి ఏడ్చింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

ఒకసారి రత్నమాల అడిగింది, కలలొస్తున్నాయా అని. లేదని చెప్పింది వెంగమ్మ. బావిలో దిగినట్టుంటుందని, మళ్లీ పైకొచ్చేదాకా ఏమీ ఉండదని అంది. ఇల్లు పక్కాగా కట్టుకున్నారు, పిల్లను ఇంగ్లీషు బడిలో వేశారు. మానేస్తావా అంటే వెంగమ్మ తల అడ్డంగా ఊపింది.

వెంగమ్మ ఈ పనికి కుదిరిన అయిదో ఏట రత్నమాలకు తేడా కనబడింది. నిద్దరిల్లులోవాళ్లు లేవడానికి ఏడాదికేడాది కొంచెం ఎక్కువసేపు పడుతోంది. వెన్ను దగ్గర ఎముకలోంచి నమూనా తీసి చూసింది. తేట బయటికి తీసే సమయానికి మడ్డి అంతా మరగడం లేదు. ప్రతిరోజూ కాస్త అడుగున మిగిలి, ఎముకల్లోని మూలుగులో దిగుతోంది. రక్తంలో కనిపించదు కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు.

ఆవిడ నేరుగా పద్మనాభం దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన. రొయ్యపిల్లల నీళ్లు కాళ్ల మీద పడిన నాటి నుంచీ తన చేతిలో సరుకు చావకూడదన్నది ఒక్కటే ఆయన పట్టుదల. కొత్త జెట్లు ఆరు వచ్చే నెల దిగుతున్నాయని, ఇప్పుడు ఆపితే పైలట్లు మళ్లీ పాత రోజుల్లోకి పోతారని చెప్పాడు.

"దేవసహాయం పెళ్లాం నాకిప్పటికీ దసరాకి ఫోన్ చేస్తుందమ్మాయ్. ఆమెకేం చెప్పమంటావు? కొంచెం చూద్దాం. నువ్వు ఇంకా కొలుస్తూ ఉండు."

రత్నమాల కొలుస్తూ ఉంది. ఆ నోట్సు ల్యాబ్ సొరుగులో పెట్టింది. సాయంత్రం భర్త టెన్నిస్ ఆడి, చెమటతో, ఉత్సాహంగా ఇంటికొచ్చి ఆవిడ వండినదంతా తినేవాడు. ఆయన్ని చూస్తుంటే కొండను కొట్టుకునే విమానంలో ఆయన లేడన్న సంగతి ఒక్కటే గుర్తొచ్చేది. ఏడాది, రెండేళ్లు, ఆరేళ్లు. సొరుగులో నోట్సులు పెరిగాయి. ఎవరికీ అబద్ధం చెప్పలేదు ఆవిడ. అడిగినవాళ్లు లేరు.

*

పదకొండో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వెంగమ్మ లేవలేదు. నాలుగింటికీ లేవలేదు. మంగళవారం దాకా చూసి మాల్యాద్రి ల్యాబ్‌కు వచ్చాడు. గొడవ చేయలేదు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, "రెండు దినాలైందమ్మా" అని మాత్రం అన్నాడు.

రత్నమాల వెంగమ్మ ఎముక మూలుగు కొలిచి చూసి, మళ్లీ కొలిచింది. అందులో నాలుగేళ్ల నిద్ర ఉంది. రోజుకు ఇరవై నాలుగు గంటల చొప్పున నాలుగేళ్లు. మొత్తం తీసి పారబోస్తే ఆ మనిషి బతకదు. ఒళ్లు దాన్ని మరిగించుకుంటూ అలా పడుకునే ఉండాలి. లేదా రక్తం కుదిరిన మరొకరి ఒంట్లోకి దాన్ని మార్చాలి. తెలిసినంతలో కుదిరేవాళ్లు ఇద్దరు. ఒకరు వెంగమ్మ కూతురు ప్రసూన. పద్దెనిమిదేళ్లు నిండాయి, ఒంగోలులో నర్సింగ్ చదువుతోంది. రెండోవాడు సుదర్శనం.

ఆ సాయంత్రం రత్నమాల భర్తకు సొరుగులోని నోట్సులన్నీ చూపించింది. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పాడు. కోప్పడలేదు. ఆ అలసట తనదే కదా అన్నాడు. తనదైతే తనే మోయాలి కదా అన్నాడు. శుక్రవారం ఉదయం వస్తానని, ఏర్పాట్లు చేయమని చెప్పాడు. రత్నమాలకు ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత నిద్ర పట్టింది.

శుక్రవారం ఆయన వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి వెంగమ్మ పక్కనున్న మంచం మీద కూర్చున్నాడు. పదకొండేళ్లలో ఆమెను దగ్గర్నుంచి చూడడం ఆయనకదే మొదలు. ఆమె జుట్టు ముప్పాతిక నెరిసింది. ఆయన జుట్టు నల్లగా ఉంది. ఎన్నాళ్లు అని అడిగాడు, రోగి డాక్టర్ని అడిగినట్టు. రత్నమాల ఆ సంగతి నోట్సుల్లో చదివాడనుకుంది. ఆయన చదవలేదు.

"నాలుగేళ్లు."

లేచేసరికి యాభై ఏడొస్తాయి అన్నాడు. మెడికల్‌లో ఎవడూ పాస్ చేయడు అన్నాడు. మళ్లీ విమానం ఎక్కనివ్వరు అన్నాడు. ఆయన మడిచిన చేతులు ఒకటొకటిగా కిందికి దించి, గుండీలు పెట్టుకున్నాడు.

"ఇవాళ పుణె ఫ్లైట్‌కి మనిషి లేడు రత్నా. వచ్చి మాట్లాడదాం."

మెట్లు దిగేటప్పుడు ఆయన అడుగుల శబ్దం ఆవిడకు వినబడింది. తొందరేమీ లేదు ఆ నడకలో.

*

మర్నాడు ప్రసూన ఒంగోలు నుంచి వచ్చింది. తల్లి మంచం పక్కన స్టూలు వేసుకుని, చార్టు చదివి, యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక్కో గొట్టమూ చూపించి అడిగింది. నర్సింగ్ పిల్ల కాబట్టి తొందరగానే అర్థం చేసుకుంది. తనకు ఎక్కించమంది. రత్నమాల కుదరదంది. నీకింకా చదువుంది, జీవితముంది, కొంచెం ఆలోచించు అంది.

"మా అమ్మనడగడానికి వచ్చిన రోజు మీరు ఇంత ఆలోచించారా ఆంటీ?"

గొంతు పెంచలేదు ఆ పిల్ల. లేచి వెళ్లింది. నేరుగా కంపెనీ ఆఫీసుకు. అక్కడ కొత్తగా పెట్టుకున్న డాక్టరొకాయన ఉన్నాడు. నిద్దరిల్లులో మనిషి లేవడం లేదన్న మాట బయటికి పొక్కకముందే ఏదో ఒకటి చేయాలని ఆయనకు పైనుంచి చెప్పారు. ఇష్టపూర్వకంగా అని రాసిన కాగితం మీద ప్రసూన సంతకం పెట్టింది. రెండు రోజుల తర్వాత రత్నమాల ఒక మీటింగుకు హైదరాబాదు వెళ్లిన పూట మడ్డి మొత్తం ప్రసూన ఒంట్లోకి మార్చేశారు.

వెంగమ్మ కళ్లు తెరిచేసరికి పక్క మంచం మీద కూతురు పడుకుని ఉంది. ముందు గుర్తుపట్టలేదు. పదకొండేళ్లుగా ఆ పిల్లను సాయంత్రపు వెలుతురులో, నిద్ర కళ్లతోనే చూసింది. గడ్డం కింద పుట్టుమచ్చ చూసి పోల్చుకుంది. లేపింది. తట్టింది. మొహం మీద నీళ్లు చల్లింది.

సంగతి చెప్పాల్సింది రత్నమాలే. చెప్పింది, అయిదో ఏటి నోట్సు సహా. వెంగమ్మ తిట్టలేదు.

"మళ్లీ నాకే ఎక్కియ్యి డాక్టరమ్మా. నాకలవాటే గదా."

ఎక్కించవచ్చని, కానీ ప్రసూన లేచి మళ్లీ తనకే మార్చమంటుందని రత్నమాల చెప్పింది. అది నిజమని వెంగమ్మకూ తెలుసు. ఆమె ఆ పైలట్ ఎక్కడుంటాడని అడిగింది.

పైలట్ల గేటు దగ్గర మధ్యాహ్నం ఎండలో నిలబడింది వెంగమ్మ, పక్కన మాల్యాద్రి. సుదర్శనం బ్యాగుతో వస్తూ ఆమెను దాటి పోబోయాడు. ఆమె బాబూ అని పిలిచింది. తనెవరో చెప్పింది. ఆయనతోపాటు వస్తున్న కుర్ర పైలట్లు ఆగిపోయారు.

"పదకొండేళ్లు మీ నిద్ర నేను పోయినా బాబూ. నాది పోయింది పోనీండి, నేనడగను. నా పిల్ల మీదున్నది మీదే. అది మాత్రం తీసుకోండి."

అందరి ముందూ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదు. సోమవారం తప్పకుండా వస్తానని ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు. వెంగమ్మ ఇంటికెళ్లి, కూతురు లేచాక తింటుందని బియ్యం నానబోసి బూరెలకు పిండి కొట్టించింది.

సోమవారం పదింటికల్లా రత్నమాల మంచం సిద్ధం చేసింది. పదకొండయింది, పన్నెండయింది. మాల్యాద్రి గేటు దాకా వెళ్లి చూసి వచ్చాడు. రెండింటికి కంపెనీ మనిషి ఒకడు కవరు తెచ్చాడు. కెప్టెన్ సుదర్శనాన్ని మస్కట్‌లో తెరుస్తున్న కొత్త కేంద్రానికి అధిపతిగా పంపారు. తెల్లవారుజామునే వెళ్లారు. అక్కడ ఆయనకు రక్తం కుదిరిన జత దొరికిందని, వైద్యవిభాగం ఆయన ఫైలు అటు పంపాలని అందులో ఉంది. రత్నమాల ఇంటికెళ్లి చూస్తే బీరువాలో ఆయన బట్టలున్న అర ఖాళీగా ఉంది. బల్ల మీద ఉత్తరమేమీ లేదు.

ఆవిడ ఆ సాయంత్రమే సొరుగులోని నోట్సులన్నీ తీసుకుని ఢిల్లీ బయల్దేరింది. ప్రభుత్వం కమిటీ వేసింది. ఏడు నెలలు విన్నారు. ఇన్నేళ్లు మీరెందుకు చెప్పలేదని అధ్యక్షుడు అడిగితే, భర్త బతికుండాలని, అంది రత్నమాల. ఆ మాట రికార్డులో రాసుకున్నారు. చివరికి, ఏ మనిషి చేతా అయిదేళ్లకు మించి నిద్ర పోయించకూడదని, ఆ తర్వాత మరొకరిని పెట్టుకోవాలని నియమం వచ్చింది. పద్మనాభం దాన్ని స్వాగతించాడు. కొత్తవాళ్ల కోసం జిల్లా జిల్లాకూ శిబిరాలు పెట్టారు. వరుసలో నిలబడినవాళ్లకు మజ్జిగ పోశారు. ఆ ఏడాది వేకువ విమానాలు అరవై దాటాయి.

రత్నమాల ఉద్యోగం మానేసి, పాత యంత్రమొకటి అడిగి తెచ్చుకుంది. అదిప్పుడు వెంగమ్మ ఇంట్లో ముందుగదిలో ఉంది. తల్లీకూతుళ్లు ఒకరి మాట ఒకరు వినలేదు కాబట్టి పంచుకున్నారు. పగలు పన్నెండు గంటలు తల్లి పడుకుంటుంది, ప్రసూన ఒంగోలు బస్సెక్కి కాలేజీకి పోయి వస్తుంది. రాత్రి కూతురు పడుకుంటుంది, వెంగమ్మ మేలుకుని ఇంటిపని చేసుకుంటుంది. ఇద్దరూ కలిసి నాలుగేళ్లు ఇలా మరిగిస్తే అది అయిపోతుంది. ఒకరి ఒంట్లోంచి ఒకరి ఒంట్లోకి మడ్డి మారడానికి గంట పడుతుంది. పొద్దున ఆరింటికొకసారి, సాయంత్రం ఆరింటికొకసారి. ఆ గంటసేపూ ఇద్దరిలోనూ సగం సగమే ఉంటుంది కాబట్టి ఇద్దరూ మేలుకునే ఉంటారు.

సాయంత్రం అయిదున్నరకు రత్నమాల వస్తుంది. సూదులు గుచ్చి, గొట్టాలు బిగించి, యంత్రం తిప్పుతుంది. అది సన్నగా మూలుగుతూ నడుస్తుంది. పక్కపక్క మంచాల మీద, చేతులకు గొట్టాలతో, తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటారు. అల్లం అయిపోయిందని ఒకరు, నాన్న మళ్లీ పప్పులో ఉప్పు కుమ్మరించాడని ఒకరు. బస్సులో ఎవడో వెకిలిగా చూశాడని ప్రసూన చెబితే, చెప్పు తీయకపోయావా అంటుంది వెంగమ్మ. ముఖ్యమైనవి ఏవో అడగాలని ఇద్దరికీ ఉంటుంది. గంట అయిపోతుంది.

రత్నమాల ఆ గంటా లోపల కూర్చోదు. కూర్చోమని వెంగమ్మ మొదట్లో రెండు మూడుసార్లు అంది. తర్వాత అనడం మానేసింది. ఆవిడ వరండాలో నిలబడి వాచీ చూసుకుంటూ, లోపల మాటలు తగ్గి, ఒక గొంతు మత్తుగా సాగి, ఆగిపోయేదాకా వింటుంది. అప్పుడు వెళ్లి సూదులు తీస్తుంది.